కడిగిన మట్టి

ప్రయోగశాల, కింది అంతస్తు
ఎండలు మొదలైన వారం

వదినా,

నువ్వు పంపిన ఆరు బస్తాలూ క్షేమంగా చేరాయి. గేటు దగ్గర కాపలా ఆయన "ఏంటమ్మా ఇవి, సిమెంటా?" అని అడిగాడు. "కాదండీ, మా వదిన పంపిన మట్టి" అన్నాను. పాపం, ఇంకేం అడగలేదు. మన రెండిళ్ళ మధ్య ఏదో పెద్ద గొడవే నడుస్తోందని అనుకున్నట్టున్నాడు.

నేను పనిచేసే గది ఎలా ఉంటుందని అడిగావు. పిల్లల జారుడుబల్లని ఇరవై అడుగులకి సాగదీసి, రెండు వైపులా గాజు పలకలు బిగిస్తే ఎలా ఉంటుందో అలా ఉంటుంది నా సామగ్రి. పైన ఒక తొట్టి. దానికో తలుపు. కింద ఒక బుల్లి గోడ. అది కొండ మీద నువ్వు కట్టిన గోడకి పాపాయి. నీ గోడకి ఉన్నట్టే దీనికీ నీళ్ళు పోయే సందులున్నాయి. వెనక ఒక పలక ఉంటుంది, గోడకి ఎంత దెబ్బ తగిలిందో అది చెబుతుంది. మట్టిలో కొలిచి నీళ్ళు కలిపి, తొట్టిలో పోసి, తలుపు లాగుతాను. మూడు క్షణాల్లో అయిపోతుంది. ఆ తర్వాత ఒక పూటంతా కడుక్కోవడమే. ఇంత చదువూ చదివి చివరికి అంట్లు తోమే పనికే వచ్చానని అమ్మ ఉంటే అనేది.

పొడి మట్టి మంచిది వదినా. గోడ దగ్గరికి రాగానే కుప్ప పడుతుంది. వెనక వచ్చేది ఆ కుప్ప మీదే పడుతుంది కాబట్టి గోడకి దెబ్బ తెలీదు. తడిసిన కొద్దీ దాని గుణం మారుతుంది. ఎంత తడికి మారుతుందన్నదే నేను తేల్చాలి.

రోడ్ల ఆఫీసు వాళ్ళు సూటిగా అడిగారు: వానలకి కొండ మీంచి జారే బురదని ఆపడానికి గోడ చాలుతుందా, బడి దాని కింద ఉండొచ్చా, లేక వానలకి ముందే ఎత్తేయాలా? సంతకం నాదే. "మా అన్నయ్య వాళ్ళు ఉండే కొండ అది, ఇంకెవరికైనా ఇవ్వండి" అని మా ప్రయోగశాల పెద్దాయనతో అన్నాను. "సొంతవాళ్ళ కొండ అయితే ఇంకా జాగ్రత్తగా చూస్తారు కదా" అన్నారాయన. చూస్తాననే అనుకుంటున్నాను.

అన్నయ్యకి మోకాలి నొప్పి ఎలా ఉంది?

నీ
మరదలు


కొండ మలుపు, పనివాళ్ళ షెడ్డు
ఆదివారం

అనుమానాల మరదలికి,

చూస్తాననే "అనుకుంటున్నావా"? నేను పెళ్ళికూతురుగా ఈ ఇంట్లో అడుగుపెట్టిన రోజు "వదినా, నువ్వు మా అన్నయ్యని చూసే ఒప్పుకున్నావా?" అని నా చెవిలో అడిగిన పిల్లవి. నీకు అనుమానం లేని విషయం ఒకటి చెప్పు, రాసి పెట్టుకుంటాను.

మీ అన్నయ్య మోకాలికేం, బాగానే ఉంది. బస్సుని ముప్ఫై మలుపులు తిప్పుతాడు, ఇంట్లో మాత్రం కుర్చీ కూడా ఇటునుంచి అటు తిప్పడు. అడిగితే మోకాలు అంటాడు.

గోడ దగ్గర పని నడుస్తోంది. నా పదిమందీ ఆకులూ కొమ్మలూ ఏరేస్తున్నారు. నేను మేస్త్రీనయ్యాక పోసిన మొదటి గోడ అది. కాంక్రీటు పోసిన రోజు గంట గంటకీ వెళ్ళి తడి పెట్టాను, జ్వరమొచ్చిన బిడ్డకి తడిగుడ్డ వేసినట్టు. మా వాళ్ళు ఇప్పటికీ "అక్కా, నీ పెద్ద కొడుకు" అంటారు దాన్ని.

బడిలో నలభై రెండు మంది. ఎత్తేస్తే దగ్గర్లో ఉన్న బడి కింద కూడలిలోదే, నడిచి రెండు గంటలు. ఆడపిల్లల్ని ఎవరూ పంపరు. హెడ్డు టీచరమ్మ రోజూ షెడ్డు దాకా వచ్చి "మీ మరదలు ఏం రాసింది?" అని అడుగుతోంది. ఏం చెప్పను?

నీకు గుర్తుందో లేదో. నాకు ఇరవై ఏళ్ళు, నీకు పదిహేను. పెరట్లో బొగ్గుముక్కతో గోడ మీద అక్షరాలు దిద్దించావు నాచేత. తర్వాత పై చదువుకి వెళ్తూ "ఉత్తరం రాస్తేనే మాట్లాడతాను, లేకపోతే లేదు" అని పంతం పట్టావు. మొదటి ఉత్తరం నాలుగు లైన్లు, నాలుగు రోజులు పట్టింది. నా చిన్నప్పుడు ఇక్కడ బడి లేదు మరదలా. అందుకే అడుగుతున్నాను. మంచి మాట చెప్పు.

మీ వదిన


ప్రయోగశాల, కింది అంతస్తు
ఎండలు ముదిరాక

వదినా,

మంచి మాటే.

ఈ ముక్క ముందు రాసేస్తే నువ్వు మిగతా ఉత్తరం చదవవని తెలుసు, అయినా ఆగలేకపోయాను. ముప్ఫై ఒక్కసార్లు పోశాను. వందకి పది పాళ్ళ నీళ్ళ నుంచి ముప్ఫై దాకా వెళ్ళాను. ప్రతిసారీ అదే వరస. మట్టి గోడ దగ్గరికి వచ్చి ఆగిపోతుంది, నీళ్ళు సందుల్లోంచి జారి వెళ్ళిపోతాయి. నీళ్ళు వదిలేసిన మట్టి బుద్ధిగా కుప్ప పడుతుంది. గోడకి తగిలే దెబ్బ, నువ్వు పోసిన మందం తట్టుకోగలిగే దాంట్లో సగం కూడా లేదు. నీ పెద్ద కొడుకు గట్టివాడు.

నివేదిక నిన్న పంపేశాను. మా పెద్దాయన అందులో గ్రాఫు చూసి "ఇంత చక్కటి గీత నేను ఈ మధ్య చూళ్ళేదు" అన్నారు. మూడేళ్ళలో ఆయన నన్ను మెచ్చుకోవడం ఇది రెండోసారి. మొదటిసారి గొడుగు ఎరువిచ్చినందుకు.

ఒక్క చిన్న మాట. ఇది అనుమానం కాదు, ఊరికే. రెండేళ్ళ కిందట అక్కడికి వచ్చినప్పుడు తెల్ల గుడ్డ బూట్లు వేసుకొచ్చాను గుర్తుందా? గోడ దాకా నడిచి వచ్చేసరికి కాషాయం రంగుకి తిరిగాయి. నువ్వు మూడుసార్లు ఉతికినా వదల్లేదు, "ఉండనీ, ఇంకోసారి చూస్తాను" అని అక్కడే ఉంచేశావు. ఇక్కడ మాత్రం ఈ మట్టితో రోజంతా పనిచేసినా నా చేతులు ఒక్క కడుగుకే శుభ్రమైపోతున్నాయి. ఎక్కడ తవ్వించావు? గోడకి పైన నేను గీసిన చోటేనా?

ఏమీ లేదు. బడి బడి చోటే ఉంటుంది. టీచరమ్మకి చెప్పు.

నీ
మరదలు


కొండ మలుపు
ఉత్తరం అందిన సాయంత్రమే

మా బంగారు మరదలికి,

టీచరమ్మకి చెప్పాను. ఆవిడ నేరుగా బడిలోకి వెళ్ళి గంట కొట్టింది. పిల్లలు ఇంటికి పొమ్మన్నారేమోనని సంచులు సర్దుకున్నారు. "ఎక్కడికీ పోవద్దు, అందుకే గంట" అందిట! మీ అన్నయ్య కింది కూడలి నుంచి పైదాకా బస్సు హారన్ కొట్టుకుంటూ వచ్చాడు. ప్రయాణికులు తిట్టారట.

మట్టి ఎక్కడిదని అడిగావు. గోడకి పైనే, నువ్వు గీసి పంపిన చోటే, నడుం లోతున. తవ్వగానే చూస్తే ఛీ అనిపించింది. బంక బంకగా, వేర్లూ, పురుగులూ. నా మరదలు ఇంత చదువుకున్నది, పదిమంది పెద్దవాళ్ళ మధ్య ఈ బురద బస్తాలు విప్పుకుంటుందా అనుకున్నాను. మేం కాంక్రీటుకి ఇసుక ఎలా చేస్తామో అలా చేశాను. ముందు జల్లెడ పట్టించాను. తర్వాత తొట్టెలో వేసి మూడు నీళ్ళు కడిగాను, నీళ్ళు తేటగా వచ్చేదాకా. మట్టి ఉంటే కాంక్రీటు పట్టదని మా మొదటి మేస్త్రీ చెంప మీద కొట్టి నేర్పాడు, అలా నేర్చుకున్న నా చెయ్యి ఊరుకుంటుందా? పట్టా మీద రెండు రోజులు ఆరబెట్టి, నా చేత్తో బస్తాలకెత్తాను. అక్కడ నీకు మాట రాకూడదని.

మీ అన్నయ్య "మట్టికి తలంటు పోసే మనిషిని నిన్నే చూశాను" అని నవ్వాడు. నవ్వితే నవ్వనీ. నీ గీత చక్కగా వచ్చిందా లేదా? అందులో నా చెయ్యీ ఉందన్నమాట!

మీ వదిన


ప్రయోగశాల
ఉత్తరం అందిన మూడో రోజు

వదినా,

పొద్దున ఫోనులో చెప్పాను కానీ కొండగాలికి సగం మాటలు పోయాయి. నువ్వు "ఆఁ? ఆఁ?" అంటూనే ఉన్నావు. అందుకని మళ్ళీ రాస్తున్నాను. కూర్చుని చదువు.

నువ్వు కడిగి పారబోసిన ఆ బురద నీళ్ళే నాకు కావలసినవి. ఆ బంకమన్ను నీటిని వదలదు. రాళ్ళ మధ్య నీళ్ళని పట్టుకుని కూర్చుంటుంది. నీళ్ళకి బయటికి దారి లేక రాళ్ళనే మోస్తాయి. ఒకదానికొకటి ఆనుకుని ఆగిపోవాల్సిన రాళ్ళు తేలుతూ వస్తాయి. నువ్వు పంపింది శుభ్రమైన మట్టి. శుభ్రమైన మట్టికి పొగరుండదు. నేను ముప్ఫై ఒక్కసార్లు కొలిచింది మీ కొండని కాదు, నీ చేతి పనిని.

అంటే నేను చెప్పిన మంచి మాట చెల్లదు. గోడ చాలుతుందో లేదో నాకు తెలీదు.

నీ తప్పని రాయడం లేదు. విను. బస్తాలు రాగానే నేను కూడా జల్లెడ పరీక్ష చేశాను. సన్నమట్టి దాదాపు లేదు. ఆ అంకె నా పుస్తకంలో నా చేతిరాతతో ఉంది. కొండ ఏటవాలు కదా, వానకి కొట్టుకుపోయి ఉంటుందిలే అనుకున్నాను. వీధి తలుపు వేశానా లేదా అని మూడుసార్లు వెనక్కి వచ్చి చూసే మనిషిని. అలాంటి దాన్ని, నాకు కావలసిన జవాబు వస్తుంటే ఒక్కసారి కూడా వెనక్కి తిరిగి చూడలేదు. నలభై రెండు మంది పిల్లలు నా ముందు వరసగా కూర్చుని చూస్తున్నట్టుండేది. వాళ్ళు కూర్చున్నది గోడ కిందన్న సంగతే మర్చిపోయాను.

ఇంకొకటి కూడా చెప్పాలి. నీ ఉత్తరం మొన్న అందింది. రెండు రోజులు ఎవరికీ చెప్పలేదు. లెక్కలు వేసి, కడిగిన మట్టితోనే ఎలాగైనా సర్దొచ్చేమో చూశాను. సర్దలేం. ఇది పోస్టు డబ్బాలో వేసి నేరుగా పెద్దాయన గదికే వెళ్తాను.

ఒక్క బస్తా పంపు వదినా. కడక్కుండా. పురుగులతో సహా.

మరదలు


కొండ మలుపు
బుధవారం

డాక్టరు గారికి,

మీరు అడిగిన బస్తా ఈ ఉత్తరంతో పాటే పంపుతున్నాను. కడగలేదు. వేర్లు, ఆకులు, ఎవరిదో తెగిపోయిన చెప్పు పట్టీ అన్నీ అందులోనే ఉన్నాయి. లోపల ఇంకో గోనె వేసి గట్టిగా కుట్టాను, తడి ఆరకూడదని.

టీచరమ్మకి నేనే వెళ్ళి చెప్పాను. పిల్లలు లెక్కలు చేసుకుంటున్నారు. బయటికి పిలిచి చెప్పాను. "సరే" అని లోపలికి వెళ్ళిపోయింది. తిడితే బాగుండేది.

మట్టి కడగవద్దని మీరు ముందే ఒక్క మాట రాయాల్సింది. మాలాంటి వాళ్ళకి చెప్పకపోతే ఎలా తెలుస్తుంది?

మీరు మీది చెప్పారు కాబట్టి నేనూ ఒకటి చెబుతున్నాను. గోడకి కింది వరస సందులు పోయిన వానాకాలం నుంచే మూసుకుపోయి ఉన్నాయి. ఆ బంకమన్ను పట్టేసి కాల్చిన కుండపెంకులా గట్టిపడింది. మా వాళ్ళు గునపంతో పొడిస్తే వారానికి రెండు తెరుచుకుంటాయి, మరుసటి వారం మూడు మూసుకుంటాయి. మొదటి ఉత్తరంలోనే రాద్దామనుకున్నాను. ఆకులూ కొమ్మలూ అని రాసి ఊరుకున్నాను. అది రాస్తే మీరు బడి ఎత్తేయమంటారని భయం.

మీ అన్నయ్య రెండు రోజులుగా నాతో జోకులు వేయడం లేదు. ఇల్లు బోసిగా ఉంది.

ఇట్లు
రోడ్డు పని మేస్త్రీ


ప్రయోగశాల
వానలకి మూడు వారాల ముందు

వదినా,

నన్ను "మీరు" అన్నావు. నాలుగుసార్లు చదివాను, నాలుగుసార్లూ అలాగే ఉంది. తిట్టు, కొట్టు, అన్నయ్యకి నా మీద చాడీలు చెప్పు. "మీరు" మాత్రం అనకు. నాకు అక్షరాలు నేర్పినందుకు మా అమ్మకి దండం పెట్టానే కానీ "మీరు" అనలేదు. నీకు నేర్పినదాన్ని నేను. ఆ మాత్రం చనువు నీకూ ఉండాలి.

ముందుగా రాయలేదన్నావు, నిజమే. "మట్టి పంపు" అని రాశాను. చోటు గీశానే కానీ, ఎలా పంపాలో రాయలేదు. మా దగ్గర అందరికీ తెలిసిన విషయం కదా అనుకున్నాను. ఆ తప్పు నాదే.

ఇక బస్తా సంగతి. పది పాళ్ళ తడికి ముద్దలు కట్టి సగం దారిలోనే ఆగింది. పదిహేనుకీ అంతే. ఇరవైకి బద్ధకంగా కదిలి, గోడ దాకా వచ్చి కూలబడింది. ఇంకో రెండు పాళ్ళు పోశాను, రెండంటే రెండే. తలుపు లాగాను. వదినా, అది పరిగెత్తింది. గోడని కొట్టి, నిలువునా లేచి, పైనుంచి దూకి, అవతల ఉన్న నా కుర్చీని ముంచేసింది. సందుల్లోంచి చుక్క నీరు బయటికి రాలేదు, అన్నీ మొదటి దెబ్బకే మూసుకుపోయాయి. నువ్వు చెప్పిన కుండపెంకు నా బుల్లి గోడలో నా కళ్ళ ముందే తయారైంది. కడిగిన మట్టి కొట్టిన దెబ్బకి ఇది రెండింతల పైన. నీ గోడ విరగదు. ఆ లెక్క మూడుసార్లు చూశాను, నీ పెద్ద కొడుకు నిలబడతాడు. కానీ తలమీద నుంచి దూకేదాన్ని ఆపలేడు.

నివేదిక వెనక్కి తీసుకున్నాం. పెద్దాయన కోప్పడలేదు. "ఇన్నేళ్ళలో మీరు అనుమానం లేకుండా సంతకం పెట్టింది ఇదొక్కటే. అప్పుడే నాకు అనుమానం రావాల్సింది" అన్నారు. మెచ్చుకున్నారో తిట్టారో ఇంకా తేల్చుకోలేదు. రోడ్ల ఆఫీసుకి నేనే వెళ్ళి, నిలబడి, తప్పు జరిగిందని చెప్పాను. నీ మొదటి నాలుగు లైన్లకి నాలుగు రోజులు ఎందుకు పట్టిందో అప్పుడు తెలిసింది.

బడి కదలాలి. వానలకి ముందే. కింది కూడలికి మాత్రం కాదు. అన్నయ్య బస్సు నిలిపే షెడ్డు ఉంది కదా, మలుపుకి ఇవతల, ఆ బురద దిగే దారిలో లేనిది. పటం తీసి చూశాను, రోడ్ల ఆఫీసుని అడిగి కాగితం రాయించాను. వానాకాలం పూర్తయ్యేదాకా బస్సు బయట తడుస్తుంది. అన్నయ్యని నేను ఒప్పిస్తాను, కుర్చీ తిప్పడు కానీ బస్సు తిప్పుతాడు.

ఇంకో విషయం, ఇది నీ పదిమంది కోసం. గోడ దగ్గర పనిచేసేటప్పుడు ఆ తడి ఎంతో కొలవడానికి మీ దగ్గర ఏమీ లేదు. నీ చెయ్యి ఉంది. గోడ పక్క మెట్ల దారి మీద నిలబడి, పైకి ఎక్కకుండా, మోచేతి లోతు నుంచి గుప్పెడు మట్టి తీసి పిండు. ముద్ద మీద నీ వేళ్ళ గుర్తులు అలాగే ఉంటే పని చేసుకోండి. అరచెయ్యి మెరిసి, ముద్ద మెల్లగా చతికిలబడితే అది ఇరవై రెండు. ఇంక ఒక్క క్షణం కూడా ఉండకండి. ఈసారి ఇరవై రకాల తడితో నేనే పిండి చూశాను. ఇప్పుడు నా చేతులకి ఆ రంగు పోవడం లేదు.

నీ
మరదలు


బస్సు షెడ్డు, అదే, బడి
వానల నడుమ

అనుమానాల మరదలికి,

ఫోనులో "అందరం బాగున్నాం" అని మాత్రమే చెప్పగలిగాను. మిగతాది ఇది.

బడి షెడ్డులోకి వచ్చి ఐదు వారాలు. ముప్ఫై తొమ్మిది మంది వస్తున్నారు. ముగ్గురు మానేశారు, ఈ ఆదివారం వాళ్ళ ఇళ్ళకి వెళ్తున్నాను. డీజిలు వాసనకి మొదట్లో పిల్లలు ముక్కు మూసుకున్నారు. ఇప్పుడు అలవాటైంది. బస్సు బయట తడుస్తోందని మీ అన్నయ్య రోజూ దానికి గుడ్డతో ఒళ్ళు తుడుస్తాడు. నాకు ఇన్నేళ్ళలో ఒక్కసారి గొడుగు పట్టలేదు.

మొన్న మంగళవారం, మూడు రోజుల ముసురు. మధ్యాహ్నం భోజనాలయ్యాక మెట్ల మీద నిలబడి గుప్పెడు పిండాను. ముద్ద నా చేతిలో అలా కూర్చుని, ఇలా ఒరిగి, పరుచుకుంది. అరచెయ్యి అద్దంలా మెరిసింది. మా వాళ్ళలో ఒకడు "అక్కా, ఇంకో రెండు సందులు పొడిచేసి వస్తాం" అన్నాడు. "ఆ గునపం అక్కడే పారేసి రా" అని అరిచాను. నా జీవితంలో పనిముట్టు పారేయమనడం అదే మొదలు.

అందరం మలుపు ఇవతలికి వచ్చాం. ఏమీ జరగలేదు. గంట గడిచింది. వాళ్ళు నా మొహం చూస్తున్నారు. నేను అప్పుడు నీలా అయిపోయాను మరదలా. తప్పు పిండానేమో, గునపం పోగొట్టానేమో, ఉత్త పుణ్యానికి సగం రోజు పని చెడగొట్టానేమో. నువ్వు ఇన్నేళ్ళుగా ఎలా బతుకుతున్నావో అప్పుడు అర్థమైంది.

మూడింటికి వచ్చింది. చప్పుడు ముందు, అది తర్వాత. గోడ నిలబడింది. సగానికి పైగా వెనకే పట్టి ఉంచింది. మిగతాది పైనుంచి దూకింది.

రెండు రోజులాగి, రోడ్ల ఆఫీసు వాళ్ళు సరేనన్నాక, టీచరమ్మా నేనూ పాత బడిలోకి వెళ్ళాం. కిటికీల మట్టానికి నిండి, గట్టిపడింది. నల్లబల్ల మీద తేదీ అలాగే ఉంది, మనం బడి మార్చిన రోజుది. మట్టి దాని కింద ఆగింది. టీచరమ్మ మొదటి వరస పిల్లలు కూర్చునే చోట చెయ్యి చాపి, ఎత్తు చూసింది. కూర్చున్న పిల్ల తల మట్టికి పైకి రాదు. బయటికి వచ్చి మెట్టు మీద కూర్చుని, "మీ మరదలు ఏం రాసింది?" అని అడిగింది, ఎండాకాలంలో రోజూ అడిగినట్టే. నీ ఉత్తరం జేబులోనే ఉంది. మొదటి నుంచి చివరిదాకా చదివి వినిపించాను, నిన్ను తిట్టమన్న దగ్గర కూడా ఆపలేదు. ఎక్కడా తడబడలేదు, తెలుసా?

కొత్త బడికి చోటు వెతకమని ఆఫీసు నుంచి కాగితం వచ్చింది. మూడు చోట్లు చూపించారు. మూడూ బాగానే ఉన్నాయి అంటున్నారందరూ. నాకు ఒక్కటీ నమ్మకంగా లేదు. నువ్వు రా. వచ్చి, తవ్వించి, పిండి, నీకు ఎన్ని అనుమానాలు వస్తాయో అన్నీ పడి, అప్పుడు చెప్పు.

నీ తెల్ల గుడ్డ బూట్లు గుమ్మం పక్కన పెట్టాను. ఎలా వదిలి వెళ్ళావో అలాగే ఉన్నాయి. మళ్ళీ ఉతకలేదు.

మీ వదిన